దవడ విరిగితే, నోరు తెరుచుకోకపోతే ఏ డాక్టర్ దగ్గరికి పోవాలి?

(హనుమకొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక దంతవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జన్‌ను, అంటే నోరు, దవడలు, ముఖం ఎముకలకు ఆపరేషన్ చేసే డాక్టర్‌ను, ఎప్పుడు కలవాలి, ఎలా వెతుక్కోవాలి అనే విషయం మీద మాట్లాడమని మీ కార్యదర్శి గారు అడిగారు. మన జిల్లాల్లో ఈ డాక్టర్‌ను చాలామంది అన్ని గడపలూ తొక్కిన తర్వాతే కలుస్తారు. బండి మీది నుంచి పడి దవడ విరిగినవాళ్లు ఎముకల డాక్టర్ దగ్గరికి, నోరు తెరుచుకోనివాళ్లు ఈఎన్‌టీ దగ్గరికి, జ్ఞానదంతం అడ్డంగా మొలిచి బుగ్గ వాచినవాళ్లు మెడికల్ షాపుకు పోతారు. నేను మామూలు దంతవైద్యుణ్ణి, బీడీఎస్ చదివినవాణ్ణి. పెద్ద ఆపరేషన్లు నేను చేయను, అవి అవసరమైనవాళ్లను సర్జన్ల దగ్గరికి పంపిస్తాను. అలా పంపించేటప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో నాకు తెలిసినంత మేరకు మీ ముందు పెడతాను.

ముందుగా ఈ డాక్టర్ చదువు గురించి చెప్పుకుందాం. బీడీఎస్ పూర్తయిన దంతవైద్యులు పైచదువుగా మూడేళ్ల ఎండీఎస్ చేస్తారు, అందులో తొమ్మిది శాఖలున్నాయి. పండ్ల వరుసను క్లిప్పులతో సరిచేసేవారిది ఒక శాఖ, చిగుళ్ల వైద్యులది ఒకటి, రూట్ కెనాల్ చేసేవారిది ఒకటి, కట్టుడు పండ్లవారిది ఒకటి, చిన్నపిల్లల పండ్లు చూసేవారిది మరొకటి. నోరు, దవడలు, ముఖం ఎముకల శస్త్రచికిత్స నేర్పే శాఖ ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జరీ. అందువల్ల బోర్డు మీద ఎండీఎస్ అని కనబడగానే మన పని అయిపోయినట్టు కాదు, అది ఏ శాఖలో అని అడగాలి. క్లిప్పులు వేయడంలో ఎంత దిట్ట అయిన డాక్టర్ గారికైనా విరిగిన దవడకు ప్లేటు బిగించే శిక్షణ ఉండదు, ఆ మాట అడిగితే ఆయనే ముందుగా ఒప్పుకుంటారు. గోడ మీద వరుసగా వేలాడే ఇంప్లాంట్ కోర్సుల సర్టిఫికెట్లు, పొట్టి ఫెలోషిప్పులు ఆ డాక్టర్ ఉత్సాహాన్ని చెప్పవచ్చు గానీ ఎండీఎస్ స్థానాన్ని అవి భర్తీ చేయవు.

దంతవైద్యుల నమోదుకు మన దేశంలో 1948లో చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో ఆ పట్టికను తెలంగాణ రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ నిర్వహిస్తుంది. రిజిస్ట్రేషన్ నంబర్ అడగడం మర్యాద తప్పడం కాదు, సరైన డాక్టర్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. చదువుకున్న పిల్లలు ఫోన్ తీసి మెడికల్ కౌన్సిల్ జాబితాలో సర్జన్ పేరు వెతుకుతారు, కనబడకపోయేసరికి నకిలీ డాక్టరేమో అని బెంగపడతారు. ఈ సర్జన్లలో ఎక్కువమంది దంతవైద్యం నుంచి వచ్చినవాళ్లు కాబట్టి వాళ్ల పేరు డెంటల్ కౌన్సిల్ పట్టికలోనే ఉంటుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ సర్జన్ పని ఎక్కువగా తగిలేది రోడ్డు ప్రమాదాల్లో. ములుగు రోడ్డు మీదైనా, నర్సంపేట రోడ్డు మీదైనా రాత్రిపూట బండి జారి పడ్డ మనిషి ముఖం నిండా రక్తం చూసి ఇంటివాళ్ల ప్రాణం సగం పోతుంది, ముఖం సంగతి ముందు చూడమని డాక్టర్ల మీద ఒత్తిడి తెస్తారు. నా సలహా ఏమిటంటే, ఆ ఘడియలో మాక్సిలోఫేషియల్ సర్జన్ కోసం వెతకకండి. 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం లాంటి, సీటీ స్కాన్, రాత్రి డ్యూటీ డాక్టర్లు ఉన్న పెద్ద దవాఖానకు చేర్చండి. శ్వాస ఆడుతున్నదా, తలలో రక్తస్రావం ఉన్నదా, మెడ ఎముకకు దెబ్బ తగిలిందా అనేవి తేలిన తర్వాతే ముఖం ఎముకల వంతు వస్తుంది. ముఖం ఎముకల ఆపరేషన్‌కు సాధారణంగా కొద్ది రోజుల వ్యవధి ఉంటుంది, వాపు తగ్గేదాకా సర్జన్లే ఆగమంటారు కూడా. ముక్కులోంచి నీళ్లలాంటి పలుచని ద్రవం కారుతుంటే మాత్రం ముక్కు చీదనీయకండి, వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

ప్రాణాపాయం లేదని తేలిన రెండో రోజునో మూడో రోజునో ఇంటివాళ్లు అడగవలసిన ప్రశ్న, మాక్సిలోఫేషియల్ సర్జన్ ఒకసారి చూడాలా అన్నది. దానికి గుర్తులు మీరే పట్టుకోవచ్చు. నిన్నటిదాకా కలిసిన పై పండ్లు, కింది పండ్లు ఇవాళ కలవకపోతే దవడ విరిగిందేమో అనుమానించాలి. కింది పెదవి ఒకవైపు మొద్దుబారినా, ఒక చెంప రెండోదానికన్నా అణిగినట్టు కనబడినా, ఒకటి రెండుగా కనబడుతున్నా ఆ మాట కేస్ షీట్‌లో రాయించాలి. పై దవడ విరిగే తీరును ఫ్రాన్స్‌కు చెందిన రెనే లె ఫోర్ అనే సర్జన్ 1901లో మూడు రకాలుగా గుర్తించాడు, నేటికీ స్కాన్ రిపోర్టులో లె ఫోర్ ఒకటి, రెండు, మూడు అని రాసేది ఆయన పేరే. ఆ పదం రిపోర్టులో కనబడితే మీరు వెతుకుతున్నది ఈ శాఖ సర్జన్‌నే అనుకోండి. దవడ విరిగినచోట టైటానియం ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు. చాలా సందర్భాల్లో నోటి లోపలి నుంచే కోత పెడతారు కాబట్టి బయట మచ్చ ఉండదు.

చిన్నపిల్లల విషయంలో కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మనవలు, మనవరాళ్లు ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. పిల్లవాడు మెట్ల మీద నుంచో అరుగు మీద నుంచో బోర్లా పడతాడు, గదవ కింద చీరుకుపోతుంది, దగ్గర్లో ఎవరో రెండు కుట్లు వేస్తారు, వారంలో పుండు మానిపోతుంది, అందరూ మరిచిపోతారు. గదవకు తగిలిన దెబ్బ బలం దవడ వెంట పైకి పోయి చెవి ముందున్న కీలు దగ్గర ఎముకను విరగ్గొట్టగలదు. అక్కడ విరిగితే పైకి పుండు కనబడదు, పిల్లవాడు రెండు రోజులు సరిగ్గా తినడు, అంతే. ఆ కీలు లోపల రక్తం గడ్డకట్టి క్రమంగా ఎముకగా మారి పుర్రెకు అతుక్కుపోతే నోరు తెరుచుకోవడం తగ్గుతూ వస్తుంది, దవడ పెరుగుదల ఆగి గదవ లోపలికి పోతుంది, ముఖం ఒక పక్కకు ఒరుగుతుంది. ఏళ్ల తర్వాత చెంచా కూడా పట్టని నోటితో వచ్చే పిల్లల్లో కొందరి కథ ఇలా మొదలైనదే. అందుకని గదవ చీరుకున్న పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని, మీ చూపుడు వేళ్లు రెండూ వాడి చెవుల ముందు ఆనించి, నోరు తెరిచి మూయమనండి. వేళ్ల కింద రెండు వైపులా కీలు సమంగా కదలాలి. తెరిచేటప్పుడు గదవ ఒక పక్కకు జారినా, చెవి ముందు నొక్కితే ఏడ్చినా, కుట్లు వేసిన డాక్టర్ పర్వాలేదన్నా సరే, ఎక్స్‌రే తీయించి ఈ సర్జన్‌కు చూపించండి. పిల్లల్లో ఇలా విరిగిన ఎముకకు చాలాసార్లు కోత అవసరం ఉండదు. మెత్తని ఆహారం, కొద్దికాలం విశ్రాంతి, ఆ తర్వాత నోరు తెరిచే వ్యాయామం సరిపోతాయి. అయితే ఆ వ్యాయామం చేయించి, నెలల తరబడి కొలిచి చూసే మనిషి ఉండాలి.

దెబ్బకు శాశ్వత దంతం ఊడి కింద పడితే దాన్ని పైభాగం పట్టుకొని తీయాలి, వేరును రుద్ది కడగకూడదు. పాలలో వేసుకొని అరగంటలోపు దంతవైద్యుడి దగ్గరికి చేరితే మళ్లీ అదే చోట నిలబెట్టే అవకాశం బాగా ఉంటుంది. ఊడింది పాలపన్ను అయితే తిరిగి పెట్టరు. దీనికి సర్జన్ కోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు, దగ్గరలో ఉన్న ఏ దంతవైద్యుడైనా చేయగలడు.

జ్ఞానదంతాల సంగతి వేరు. నేరుగా మొలిచిన జ్ఞానదంతాన్ని మాలాంటివాళ్లమే తీసేస్తాం. ఎముకలో అడ్డంగా కూరుకుపోయినదానికి సర్జన్ కావాలా వద్దా అనేది ఓపీజీ అనే పెద్ద ఎక్స్‌రే చెబుతుంది. ఆ ఫిల్మ్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే కింది దవడలో రెండు సన్నని తెల్లని గీతల మధ్య నల్లని దారి ఒకటి వెనక నుంచి గదవ వైపు సాగుతూ కనబడుతుంది. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ దారిలోనే ఉంటుంది. పన్ను వేళ్లు దాని మీదికి వచ్చినచోట తెల్లని గీత తెగినట్టు ఉన్నా, వేరు నల్లబడినట్టు ఉన్నా, నరానికి వేరు చాలా దగ్గరగా ఉందని అర్థం. అప్పుడు సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయిస్తారు. నా పన్ను వేరుకూ నరానికీ ఎంత ఎడం ఉంది, పెదవి మొద్దుబారే ప్రమాదం ఎంత అని మీరు అడగండి. మంచి సర్జన్ ఆ ఫిల్మ్ మీదనే వేలు పెట్టి చూపిస్తాడు. ప్రమాదం ఎక్కువగా ఉంటే పన్ను పైభాగం మాత్రమే కోసి వేళ్లను అలాగే వదిలేసే పద్ధతి కూడా ఉంది. ఏ ఎక్స్‌రే తీయకుండానే ఐదు నిమిషాల పని అని కుర్చీలో కూర్చోబెట్టేవారి దగ్గర నుంచి లేచి రావడం మంచిదని నా అభిప్రాయం.

పంటి చీము వల్ల వచ్చే వాపును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకొని పడుకుంటారు. బుగ్గ వాపు ఒక ఎత్తు, గదవ కింద రెండు వైపులా గట్టిపడి నాలుక పైకి లేచే వాపు మరో ఎత్తు. దీన్ని 1836లో వివరించిన జర్మన్ వైద్యుడి పేరు మీద లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. ఉమ్మి మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, జ్వరం, పడుకుంటే ఊపిరాడకపోవడం కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు. క్లినిక్‌లకు తిరగకుండా నేరుగా ఐసీయూ ఉన్న ఆసుపత్రికి పోవాలి.

మన ప్రాంతంలో ఈ సర్జన్ అవసరం పడే మరో పెద్ద కారణం వక్క, గుట్కా, అంబర్. వక్క నమలడం వల్ల బుగ్గల లోపలి పొర క్రమంగా నారలాగా గట్టిపడి నోరు మూసుకుపోతుంది. కారం తగిలితే భగ్గుమనడం మొదటి లక్షణం, కూర కారంగా ఉందని ఇంట్లో ఆడవాళ్ల మీద కోప్పడేవాళ్లలో కొందరికి ఈ జబ్బు మొదలై ఉంటుంది. మీ మూడు వేళ్లు నిలువుగా ఒకదాని మీద ఒకటి పెట్టి ముందు పండ్ల మధ్య పట్టించి చూడండి. పెద్దవాళ్లలో మూడు వేళ్లు పట్టాలి. రెండే పడుతున్నాయంటే చూపించుకునే వేళ వచ్చింది. పొగాకు లేని ఉత్త వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. నోటిలో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉంటే బయాప్సీ, అంటే అక్కడి నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, చేయించాలి. బయాప్సీ చేస్తే జబ్బు పాకుతుందన్న మాట నమ్మవద్దు, ఆ మాట పట్టుకొని ఆరు నెలలు ఆకు పసర్లు రాసినవాళ్లకు జరిగే నష్టం పూడ్చలేనిది. క్యాన్సర్ అని తేలితే మాత్రం ఒక్క సర్జన్‌తో సరిపోదు. ఆపరేషన్, రేడియేషన్, మందులు మూడూ కలిపి నిర్ణయించే చోటు కావాలి. ప్రభుత్వ పక్షాన హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రేడియేషన్ మొదలుపెట్టక ముందే పాడైన పండ్లను దంతవైద్యుడితో తీయించుకోవాలి, ఆ తర్వాత తీస్తే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంటుంది.

గ్రహణమొర్రితో పుట్టిన పిల్లల గురించి రెండే మాటలు. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి ఏడాది అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇది ఉచితం కాబట్టి అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడిగితే దారి దొరుకుతుంది.

ఇప్పుడు మన ఊళ్ల పరిస్థితికి సంబంధించిన ముఖ్యమైన మాట. పరకాల, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి చోట్ల, హనుమకొండలో కూడా, చాలా దంత క్లినిక్‌లకు సొంత సర్జన్ ఉండరు. కేసు ఉన్న రోజున కన్సల్టెంట్ సర్జన్ తన పెట్టె తీసుకొని వస్తారు, ఆపరేషన్ చేస్తారు, మరో ఊళ్లో కేసుకు వెళ్లిపోతారు. ఈ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు, అది లేకపోతే మనవాళ్లందరూ 150 కిలోమీటర్లు హైదరాబాద్ పోవలసి వచ్చేది. అయితే పేషెంట్ ముందుగా తెలుసుకోవలసినవి ఉన్నాయి. కత్తి పట్టేది బోర్డు మీది డాక్టరా, వచ్చే డాక్టరా? ఆపరేషన్‌కు ముందు ఆయన నన్ను చూస్తారా, లేక నేరుగా బల్ల మీదనే పరిచయమా? ఆ రాత్రి రక్తం ఆగకపోతే నేను ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు వస్తారు? మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్ అయితే మత్తు డాక్టర్ ఎవరు, ఏ ఆసుపత్రి థియేటర్‌లో? నా దృష్టిలో సర్జన్ ఎంపికలో సగం ఈ రాత్రి ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఉంటుంది. ఎంత పేరున్న చేయి అయినా సరే, మరుసటి రోజు చూసే ఏర్పాటు లేని చోట పెద్ద ఆపరేషన్ చేయించుకోమని నేను ఎవరికీ చెప్పను. జవాబు తడబడుతూ వచ్చిందంటే మరోచోట రెండో అభిప్రాయం తీసుకోండి. ఓపీజీ, సీటీ ఫిల్ములు మీ డబ్బుతో తీసినవి, అడిగితే ఇవ్వవలసిందే.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివాళ్లకు దంత కళాశాల మంచి మొదటి మెట్టు. కళాశాల ఎక్కడ ఉన్నా అందులో ఈ శాఖ తప్పనిసరిగా ఉంటుంది. ప్రభుత్వ దంతవైద్య కళాశాల హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉంది, ప్రైవేటు కళాశాలలు నిజామాబాద్‌లో, ఖమ్మంలో ఉన్నాయి. ఉదయం ఓపీకి అందేలా పోవాలి, రెండు మూడు సార్లు తిరగవలసి రావచ్చు, విద్యార్థులు ముందు చూస్తారు. ఓపిక ఉన్నవాళ్లకు ఖర్చు తక్కువలో సక్రమమైన పరీక్ష అక్కడ దొరుకుతుంది. ప్రైవేటులో చేయించుకునేవాళ్లు ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది కదా అని ధీమాగా చేరిపోకుండా, తమ ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో, ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందో లేదో అక్కడ ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు పంటి వైద్యాన్ని మినహాయిస్తాయి, ప్రమాదంలో విరిగిన దవడను మాత్రం సాధారణంగా ఒప్పుకుంటాయి. కాబట్టి డిశ్చార్జి కాగితంలో ప్రమాదం వల్ల అన్న మాట ఉండాలి. ఒకరు కొట్టడం వల్ల ఎముకగానీ పన్నుగానీ విరిగితే చట్టం దాన్ని తీవ్రమైన గాయంగానే లెక్కిస్తుంది, అక్కడ కూడా డాక్టర్ రాసిన కాగితమే ఆధారం.

ఈ సభలో అరవై దాటినవాళ్లు ఎక్కువ కాబట్టి మందుల సంగతి చెప్పక తప్పదు. ఎముకలు గుల్లబారకుండా అలెండ్రోనేట్ మాత్రలు గానీ, ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ గానీ తీసుకుంటున్నవాళ్లు పన్ను తీయించుకునే ముందు ఆ మాట తప్పక చెప్పండి. ఆ మందుల మీద ఉన్న కొందరిలో పన్ను తీసినచోట ఎముక మానకపోవడం 2003 నుంచి వైద్యులు గమనిస్తున్నారు. రక్తం పలుచబడే మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు, గుండె డాక్టర్, సర్జన్ మాట్లాడుకొని చెబుతారు. షుగర్ అదుపులో లేని నోరు ఎంత ప్రమాదకరమో 2021లో కరోనా రెండో దఫా తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు అందరం చూశాం, అప్పట్లో పై దవడ తీసేయవలసి వచ్చినవాళ్లకు తిరిగి పండ్లు అమర్చే పనిలో ఈ శాఖవాళ్లు కూడా ఉన్నారు. మరొకటి, ముఖం కడిగినా గాలి తగిలినా కరెంటు షాక్ కొట్టినట్టు చెంపలో మెరుపు నొప్పి వస్తుంటే అది పంటి నొప్పి కాకపోవచ్చు, ముఖ నరానికి సంబంధించిన జబ్బు కావచ్చు. అలాంటివాళ్లు ఒకటి తర్వాత ఒకటి పండ్లు పీకించుకుంటారు, నొప్పి మాత్రం పోదు. మూడో పన్ను తీయమని అడిగే ముందు ఈ సర్జన్‌కో నరాల డాక్టర్‌కో చూపించుకోండి.

చివరగా ఇంటికి వచ్చిన తర్వాతి రోజుల గురించి. దవడ విరిగినవాళ్లకు కొన్నిసార్లు పై పండ్లను, కింది పండ్లను తీగలతో కట్టి కొన్ని వారాలు ఉంచుతారు. అలా కట్టిన మనిషికి వాంతి వస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. డిశ్చార్జి రోజున తీగలు కత్తిరించే కటింగ్ ప్లయర్‌ను అడిగి తీసుకోవాలి, ఏ తీగ ఎక్కడ కత్తిరించాలో సర్జన్ చేత చూపించుకోవాలి, మంచం పక్కన చేతికి అందేచోట ఉంచాలి. జావ, పప్పుకట్టు, పాలు, గుడ్డు కలిపి పలుచగా చేసిన ఆహారం రోజుకు ఆరేడు సార్లు ఇవ్వాలి, లేకపోతే మనిషి వారాల్లోనే చిక్కిపోతాడు. అతుక్కుపోయిన దవడ కీలుకు ఆపరేషన్ అయిన పిల్లలకు ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పండ్ల మధ్య పెట్టే వ్యాయామం రోజూ చేయించాలి. నొప్పికి పిల్లవాడు ఏడుస్తాడు, తాతమ్మలు జాలిపడి పుల్లలు దాచేస్తారు. అలా నెల రోజులు ఆపితే కీలు మళ్లీ బిగుసుకుపోయి రెండోసారి ఆపరేషన్ చేయవలసి వస్తుంది. అందుకని పుల్లల లెక్క రాసే బాధ్యత ఇంట్లో ఒక గట్టి మనిషికి అప్పగించి, ఆ కాగితాన్ని ప్రతి చెకప్‌కు సర్జన్ దగ్గరికి తీసుకుపోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఎక్స్‌రేలు వెంట తెచ్చుకున్నవాళ్లు కిటికీ వైపు రండి, అక్కడ వెలుతురు బాగుంది.